రూపుమాసిన కారు

ఫ్రాన్సు దేశపు తూర్పు సరిహద్దున ఆల్సేస్ అను ప్రాంతము కలదు. అందలి మోల్స్‌హైమ్ అను చిన్న పట్టణమున ఎట్టోర్ బుగాట్టి అను నతడు మోటారు కారుల కర్మాగారమును నడపుచుండెను. అతడు పుట్టినది ఇటలీ దేశములోని మిలాన్ నగరము. తండ్రి కార్లో కుర్చీలు, బల్లలు మొదలగు గృహోపకరణములను అపూర్వరీతిని తీర్చిదిద్దుటలో పేరొందినవాడు. తమ్ముడు రెంబ్రాంట్ జంతువుల విగ్రహములు చేయు శిల్పి. ఇట్టి కుటుంబమున పుట్టుటచేత కాబోలు, ఎట్టోర్ యంత్రమును గూడ శిల్పముగానే చూచెను. ఇంజను మూత క్రింద మరుగుపడి యుండునదే యైనను, దాని ప్రక్కలు నునుపుగాను అంచులు సూటిగాను ఉండవలెనని అతని పట్టుదల.

రాజులు, మహారాజులు మాత్రమే కొనదగిన కారు నొకదానిని నిర్మింపవలెనని 1920ల మధ్యకాలమున అతడు సంకల్పించెను. కర్మాగారపు లెక్కలలో దాని పేరు ‘టైపు 41’. లోకము దానిని ‘రోయాల్’ అని పిలిచెను. ముందు చక్రముల ఇరుసు నుండి వెనుక చక్రముల ఇరుసు వరకు 4.3 మీటర్లు, మొత్తము పొడవు సుమారు 6.4 మీటర్లు, బరువు మూడు టన్నులకు పైమాట. ఇంజనులో ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసన నిలిచియుండును. ఒక్కొక్క సిలిండరు లోపలి వ్యాసము 125 మిల్లీమీటర్లు, అందు పిస్టను కదలు దూరము 130 మిల్లీమీటర్లు. స్తూపపు ఘనపరిమాణమును కనుగొను సూత్రము నెరిగిన విద్యార్థి లెక్క వేసినచో ఎనిమిదింటికి కలిసి 12.7 లీటర్లకు పైగా వచ్చును.

ఇరువదియైదు కారులు చేయవలెనని తలపెట్టిన బుగాట్టికి కాలము అనుకూలింపలేదు. 1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యము ఐరోపాను గూడ క్రుంగదీసెను. 1933 నాటికి పని ఏడు కారులతో ఆగిపోయెను. వానిలో ఇతరులు కొనినవి మూడు మాత్రమే. ఆ మూటిలో ఒకటియు రాజులు కొనినది కాదు! మిగిలిపోయిన ఇంజనులను రైలు పట్టాలపై నడచు పెట్టెలకు అమర్చి బుగాట్టి నష్టమును కొంత పూడ్చుకొనెను. రాజరథములకై పుట్టిన ఇంజనులు చివరకు సామాన్య ప్రయాణికులను మోసెనన్నమాట.

ఆ మూడు కారులలో మొదటిదానిని 1932లో కొనినవాడు ఆర్మాన్ ఎస్డెర్స్ అను ఫ్రెంచి దుస్తుల వ్యాపారి. దాని పైభాగమును, అనగా తలుపులు, రెక్కలు, బానెట్టు మొదలగు రేకు దేహమును రూపొందించినవాడు ఎట్టోర్ కుమారుడు జీన్. అప్పటికి అతని వయస్సు ఇరువదిమూడేండ్లు. ఆరు మీటర్లకు మించిన కారులో ముఖ్యముగా ఇద్దరు కూర్చుండుటకే చోటు. ముందు చక్రము మీద లేచిన రెక్క అలవలె క్రిందికి జారి, తలుపు క్రింద మెట్టుగా మారి, మరల వెనుక చక్రము మీదికి ఎగసెడిది. పై కప్పు లేదు. ఎస్డెర్స్ రాత్రివేళ కారు నడపదలచినవాడు కానందున ముందు దీపములు గూడ అమర్చలేదు. దీపములు లేని ఆ ముఖము వింతగానుండినను, రెక్కల వంపునకు అడ్డుతగులునది ఏదియు లేకుండెను. ఇంతటి అందమును చూచినవారు బహుకొద్దిమంది. 1930ల చివర కారు చేతులు మారెను. కొత్త యజమానికి ఆ దేహము నచ్చలేదు. దానిని ఊడదీయించి, బిండర్ అను కారు దేహముల శాలలో మరియొక దేహమును చేయించి అమర్చెను. చట్రము, ఇంజను నేటికిని ఆ రెండవ రూపముననే నిలిచియున్నవి. జీన్ బుగాట్టి చేసిన దేహము మాత్రము రూపుమాసెను. 1939లో జీన్ కూడ ఒక కారును పరీక్షించు సందర్భమున ప్రమాదమునకు గురియై మరణించెను. మిగిలినవి కొన్ని నలుపు తెలుపు ఫోటోలు.

అట్టి కారును, ఇప్పుడు ఎచ్చటను లేనిదానిని, అరచేతుల మీద నిలుపుకొనదగినంత పరిమాణమున మరల నిర్మింపబూనుట ఎట్లు? ఈ పాఠమునకు విషయమదియే.

కారు నమూనాలు పలువిధములు. అంగడిలో దొరకు ఆటవస్తువులు ఒక తెగ. పెట్టెలో భాగములన్నియు సిద్ధముగా పెట్టి అమ్మెడి కిట్టులు మరియొక తెగ. వానిని జిగురుతో అతికి రంగు వేసినచో కారు తయారగును. మూడవ తెగ వేరు. అందు కొనితెచ్చిన భాగ మొక్కటియు నుండదు. రాగి రేకు, ఇత్తడి కడ్డీ, చెక్కదిమ్మె, తోలుముక్క, రబ్బరు, తీగ, ఇవియే సామగ్రి. మర మేకు మొదలుకొని నడుపు చక్రము వరకు ప్రతిదానిని నిర్మాత తానే చేసికొనవలెను. ఇంగ్లండు దేశీయుడైన జెరాల్డ్ వింగ్రోవ్ ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ పనినే వృత్తిగా గైకొని, ప్రసిద్ధములైన విలాస కారులను 1/15 స్కేలులో నిర్మించి, తన పద్ధతులను దాచుకొనక గ్రంథములుగా వ్రాసెను. ఆ స్కేలునకు ఒక సౌలభ్యము కలదు. అంతకన్న చిన్నదైనచో తలుపు గడియవంటివి చేతికి చిక్కవు, అంతకన్న పెద్దదైనచో బల్లమీద చోటు చాలదు. రోయాల్ కారు 1/15 వంతున సుమారు 427 మిల్లీమీటర్ల పొడవుండును. ఇరుసుల నడిమి దూరము 287 మిల్లీమీటర్లు.

స్కేలు అనగా అన్నిటిని పదునైదింట భాగించుట మాత్రమే యని తోచును. పని మొదలిడిన పిదప అందలి చిక్కులు బయటపడును. పొడవు 15వ వంతైనప్పుడు వైశాల్యము 225వ వంతును, ఘనపరిమాణము 3,375వ వంతును అగును. సుమారు 3,175 కిలోగ్రాముల కారును అవే లోహములతో, అదే పాళ్ళలో చేయగలిగినచో నమూనా బరువు ఒక కిలోకు కొంచెము తక్కువగా నుండవలెను. చేయగలుగుట మాత్రము కల్ల. కారు దేహపు రేకు మందము 1.2 మిల్లీమీటర్లనుకొందము. దానిని పదునైదింట భాగించినచో 0.08 మిల్లీమీటర్లు, అనగా కాగితమంత. అట్టి రేకు సుత్తిదెబ్బకు చిరుగును, వేలు తగిలిన సొట్టపోవును. కావున నిర్మాత 0.4 మిల్లీమీటర్ల రేకును తీసికొని, కంటికి కనబడు అంచులను మాత్రము ఆకురాయితో లోపలి వైపున పలుచగా చెక్కును. చూచువారు అంచును బట్టియే రేకంతయు పలుచనిదని భావింతురు. దీనిని మోసమనరాదు. ప్రకృతి ధర్మములు స్కేలునకు లొంగనిచోట కంటికి న్యాయము చేయుట యిది.

అన్నిటికన్న ముందు కావలసినది కొలత. కారు ఉన్నయెడల ఈ పని ఓపికతో తీరును. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున నిజాము ప్రభువుల నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ప్రదర్శనమందున్నది. అట్టిదానికి నమూనా చేయదలచినవాడు అనుమతి పొంది, నాలుగు వైపుల నుండి ఫోటోలు తీసి, టేపుతోను, వంకర కొలతలకు అట్టముక్కలతోను వివరములన్నియు పుస్తకమున కెక్కించుకొనవచ్చును. సందేహము కలిగినచో మరల వచ్చి చూడవచ్చును. ఎస్డెర్స్ కారు విషయమున ఆ మార్గము మూసికొనిపోయినది. ఇచట ఫోటోయే కారు, ఫోటోయే టేపు.

ఫోటోను కొలబద్దగా మార్చుటకు తెలిసిన కొలత ఒకటి కావలెను. రోయాల్ చక్రపు అంచు వ్యాసము 24 అంగుళములు, అనగా 610 మిల్లీమీటర్లు. కారును సరిగా ప్రక్కనుండి తీసిన ఫోటో ఒకటి లభించినదనుకొందము. అందు చక్రపు అంచు 12.2 మిల్లీమీటర్లున్నచో ఆ ఫోటో 1/50 స్కేలున ఉన్నదన్నమాట. దీనిని రెండవ కొలతతో సరిచూడవలెను. ఇరుసుల నడుమ ఫోటోలో 86 మిల్లీమీటర్లు వచ్చినచో 50తో గుణింపగా 4,300 మిల్లీమీటర్లు. లెక్క కుదిరినది. ఇక తలుపు వెడల్పు ఫోటోలో 21 మిల్లీమీటర్లయినచో కారులో 1,050, నమూనాలో 70 మిల్లీమీటర్లు. చదువుటకు ఇంత సులభము. కాని ఫోటో మీద అర మిల్లీమీటరు పొరపడినచో కారులో 25 మిల్లీమీటర్లు, నమూనాలో సుమారు 1.7 మిల్లీమీటర్లు తప్పు దొరలును. రెక్క వంపులో అంత తేడా వచ్చినచో ఆ కారును ఎరిగినవాడు ‘ఇది అది కాదు’ అని దూరము నుండియే చెప్పును.

అంతటితో చిక్కు తీరలేదు. కెమెరాకు దగ్గరి వస్తువు పెద్దదిగాను, దూరపుది చిన్నదిగాను పడును. ముందు చక్రము వెనుక చక్రముకన్న కొంచెము పెద్దదిగా కనబడినచో ఫోటో తీసినవాడు ముందువైపునకు జరిగి నిలిచెనని గ్రహింపవలెను. చక్రము గుండ్రముగా గాక కోడిగ్రుడ్డువలె కనబడినచో కారు ఏటవాలుగా నున్నదని తెలియును. అప్పుడు చక్రపు నిలువు కొలతను నమ్మవచ్చును గాని అడ్డు కొలతను నమ్మరాదు. తలుపు ఉన్న తలము, చక్రమున్న తలము కెమెరా నుండి ఒకే దూరమున నుండవు కనుక వానికి ఒకే గుణకము పనికిరాదు. ఇట్లు ఒక్క ఫోటోను చదువుటకు నిర్మాతకు దినములు పట్టుట కలదు. కొందరు అట్టతోను మట్టితోను ముతక నమూనా చేసి, దానిని పాత ఫోటోలోని కోణముననే మరల ఫోటో తీసి, రెండింటిని ఒకదానిపై ఒకటి పెట్టి పోల్చుదురు. వంపు తప్పినచోట మట్టిని చెక్కి, మరల ఫోటో తీయుదురు. ఈ పద్ధతి ఆలస్యమైనదే యైనను, కాగితము మీది లెక్కలకన్న నమ్మదగినది.

ఫోటోలో అసలు పడని భాగముల సంగతి యేమి? నిర్మాత నిజాయితీకి పరీక్ష ఇచటనే. కారు అడుగుభాగము ఫోటోలలో లేదు. అయినను చట్రము తోబుట్టువులైన తక్కిన రోయాల్ కారులలో చూడవచ్చును. ఏడింటిలో ఆరు నేటికిని ఉన్నవి. అమెరికాలోని డియర్‌బార్న్ నగరమున హెన్రీ ఫోర్డ్ మ్యూజియమునందు ఒకటి, ఫ్రాన్సులోని ముల్హౌస్ నగరపు మ్యూజియమునందు రెండు కలవు. వానిని చూచి చట్రమును, ఇంజనును నిస్సందేహముగా చేయవచ్చును. కాని ఎస్డెర్స్ కారు తలుపు లోపలి వైపున జేబు ఉండెనా? ఆసనపు కుట్టు నిలువుగానా, అడ్డముగానా? ఫోటో చెప్పనిచో ఎవరును చెప్పలేరు. అప్పుడు ఇతర కారులలోని అలంకారమును తెచ్చి అతికినచో నమూనా నిండుగా కనబడును, చూచువారు మెచ్చుకొందురు. కాని ఆ నమూనాను చూచి మరియొకడు నమూనా చేయును, దాని బొమ్మ పుస్తకమున కెక్కును, ఇరువదియేండ్లకు ఊహ సాక్ష్యముగా మారిపోవును. ఈ విషయమునెరిగిన నిర్మాత తెలియనిచోటును సాదాగా విడిచిపెట్టి, తన చేవ్రాత పుస్తకమున ‘ఇది ఫోటోలో లేదు’ అని వ్రాసి పెట్టుకొనును. పోటీలలో ఇట్టివానికి ఒక్కొక్కప్పుడు మార్కులు తగ్గును గూడ.

ఇక చేతిపని. మొదట గట్టి చెక్కను కారు దేహము ఆకారమునకు చెక్కుదురు. ఇది రేకునకు లోపలి దిమ్మె. రెక్కలకు వేరుగా దిమ్మెలు కావలెను. కుడిరెక్క, ఎడమరెక్క ఒకే దిమ్మె మీద రావు. ఒకటి రెండవదానికి అద్దములోని ప్రతిబింబమువలె నుండవలెను. కొత్తగా ఈ పని నేర్చువారు రెండు కుడిరెక్కలు చేసి చతికిలపడుట కద్దు. రాగి రేకును ఎర్రబడునంతగా కాల్చి నీట ముంచినచో మెత్తబడును. దిమ్మె మీద పెట్టి కొయ్యసుత్తితో తట్టుచుండగా క్రమముగా గట్టిపడును. గట్టిపడిన పిదప తట్టినచో పగులును. కావున కాల్చుట, తట్టుట, మరల కాల్చుట. రెక్క ఒక్కటి కుదురుటకు ఇట్లు అనేక పర్యాయములు జరుగవలెను. మన కంసాలి వెండిగిన్నె సాగగొట్టునప్పుడు చేయునది ఇదియే. గిన్నె వంపు ఎట్లున్నను గిన్నెయే. రెక్క వంపు మాత్రము జీన్ బుగాట్టి గీచినట్లే ఉండవలెను.

ముక్కలను టంకముతో అతుకుటలోను క్రమము కలదు. వెండి టంకము కరగుటకు 600 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడి కావలెను. తగరము, సీసము కలిసిన మెత్తని టంకము 190 డిగ్రీల ప్రాంతముననే కరగును. ముందు వెండి టంకముతో పెద్ద అతుకులు వేసి, పిదప మెత్తని టంకముతో చిన్నవి వేసినచో మొదటివి కదలవు. క్రమము తలక్రిందులైనచో క్రొత్త అతుకు వేయుచుండగా పాతది జారిపోవును, నెలల శ్రమ కుంపటిలో కలియును.

రోయాల్ చక్రములు తీగ ఆకుల చక్రములు కావు, అల్యూమినియం మిశ్రమముతో పోతపోసినవి. నమూనాలో ఆ చక్రపు అంచు సుమారు 41 మిల్లీమీటర్లు. తరిమెన మీద ఒక్క చక్రమును అతి శ్రద్ధతో చేసి, దాని చుట్టు రబ్బరు అచ్చు తీసి, ఆ అచ్చులో కావలసినన్ని పోతపోయుదురు. అన్నియు సరిసమానముగా వచ్చుటకు ఇదియే మార్గము. తీగ ఆకులున్న ఇతర కారులకైనచో ఈ ఉపాయము చెల్లదు. కమ్మచ్చున తీసినట్టి సన్నని తీగను ఒక్కొక్క ఆకుగా తెంచి, అంచునుండి నడిమి కుండకు గుచ్చవలెను. ఒక్క చక్రమునకే డెబ్బదిదాక ఆకులుండిన కారులున్నవి. చూపును, ఓర్పును ఒకేసారి అరగదీయు పని యిది.

ఇంజను వంక చూడుడు. అసలుది 1.4 మీటర్ల పొడవు, నమూనాలో 93 మిల్లీమీటర్లు. పలకలవలె సూటియైన దాని ప్రక్కలను ఇత్తడితో చేసి, మెరుగుపెట్టి, వెండి రంగు పూత వేయుదురు. అంచులను మెరుగుపెట్టునప్పుడు గుండ్రము కానీయరాదు. బట్టచక్రము మీద ఒక్కక్షణము ఎక్కువసేపు ఉంచినచో పదునైన అంచు సబ్బుబిళ్ల అంచువలె అరగిపోవును. ఎట్టోర్ బుగాట్టి పట్టుదల అంతయు ఆ అంచులోనే యున్నది.

రేడియేటరు మూతపైన వెనుక కాళ్లమీద నిలిచి తొండమెత్తిన చిన్న ఏనుగు రోయాల్ కారుల గుర్తు. ఎట్టోర్ తమ్ముడు రెంబ్రాంట్ బ్రతికియుండగా చేసిన విగ్రహమునుండి దీనిని గ్రహించిరి. తమ్ముడు 1916లోనే మరణించెను. తన కారులలో అన్నిటికన్న గొప్పదానికి అన్న ఆ ఏనుగును శిరోభూషణము గావించెను. నమూనాలో అది చింతగింజకన్న పెద్దది కాదు. దీనిని రేకుతో చేయుట అసాధ్యము. మైనముతో చెక్కి, చుట్టును మట్టివంటి పదార్థము పోసి, కాల్చగా మైనము కరగి పోవును. ఆ ఖాళీలో కరిగిన వెండిని పోయుదురు. మన దేశమున కంచు విగ్రహములు పోయు స్థపతులు ఎన్నియో శతాబ్దములుగా ఎరిగిన పద్ధతియే యిది. తొండపు కొన సూదిమొనవలె నుండును కనుక వెండి అంతవరకు పారకమునుపే గడ్డకట్టుటయు కలదు. మొదటి పోతకే తొండము నిండుగా వచ్చిన నిర్మాత అదృష్టవంతుడు.

తోలును, రంగును గురించి మరియొక మాట. కారు ఆసనపు తోలుమీది గరుకు గీతలు నమూనాకు పనికిరావు. అదే తోలును పరచినచో ఆసనము మొసలి చర్మముతో చేసినట్లు కనబడును. కావున చేతితొడుగులు కుట్టెడి మేక తోలువంటి సన్ననిదానిని తెచ్చి, వెనుక వైపు కత్తితో చివ్వి ఇంకను పలుచన చేయుదురు. రంగునకును ఇదే బాధ. తలుపునకు, దేహమునకు నడుమ కారులో 4 మిల్లీమీటర్ల సందున్నచో నమూనాలో అది మిల్లీమీటరులో నాలుగవ వంతు. రంగు రెండు పూతలు దట్టముగా పడెనా, సందు పూడిపోయి తలుపు గోడలో గీచిన గీతవలె కనబడును. కావున సన్నని తుంపరగా చల్లుట, ఆరనిచ్చుట, నీటికాగితముతో రుద్దుట, మరల చల్లుట. ఏ రంగు వేయవలెననునది మరియొక సమస్య. నలుపు తెలుపు ఫోటోలో పచ్చయు, నీలియు, ఎరుపును బూడిదరంగుగానే పడును. పైగా ఆ కాలపు ఫిల్ములలో కొన్ని ఎరుపును నల్లగాను, నీలిని తెల్లగాను చూపెడివి. కావున ఫోటోలో ముదురుగా కనబడినది నిజముగా ముదురు రంగే యని చెప్ప వీలులేదు. వ్రాతమూలకమైన ఆధారము లేకుండ ఫోటోను మాత్రమే నమ్మి రంగును నిశ్చయించుట సాహసము.

ఇంత శ్రమ పెద్దవారికే గాని పిల్లలకు తగదని భావింపవలసిన పనిలేదు. అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థకు చెందిన ఫిషర్ బాడీ అను విభాగము 1930లో బాలుర కొరకు ఒక పోటీని ఆరంభించెను. నెపోలియన్ కాలపు గుర్రపుబండికి నమూనాను ముడి పదార్థములనుండి చేయుట అందలి పరీక్ష. కొయ్యపని, లోహపు పని, కుట్టుపని, రంగులద్దుట అన్నియు ఒక్క బాలుడే నేర్వవలసి యుండెను. గెలిచినవారికి కళాశాల చదువునకు విద్యార్థి వేతనము లభించెడిది. తరువాతి కాలమున బండికి మారుగా బాలురు తామే ఊహించిన కారుల నమూనాలు వచ్చెను. 1968 వరకు నడచిన ఆ పోటీలో బాలికలకు ప్రవేశము లేకపోవుట విచారకరము. సూదిపట్టిన చేయి ఆకురాయిని పట్టలేదని ఎవరు నిర్ణయించిరో!

నేడు పనిముట్లు మారినవి. కంప్యూటరు తెరపై గీచిన రూపమును పొరపొరగా పేర్చి వస్తువుగా చేయు త్రీడీ ప్రింటరులు అంగళ్లకు వచ్చినవి. చింతగింజంత ఏనుగును ఇప్పుడు యంత్రమే మైనములో ముద్రింపగలదు. పోతలో విఫలమైనచో మరల ముద్రించుటకు క్షణకాలపు ఆజ్ఞ చాలును. ఇది మేలే. కాని యంత్రమునకు ఏ అంకె ఇచ్చిన ఆ అంకెనే అది తీర్చును. రెక్క వంపు ఎంతయో ఫోటోనుండి చదువవలసిన కన్ను, తెలియనిదానిని తెలియదని వ్రాయవలసిన చేయి పాతవే. సుత్తి ఆగినంత మాత్రమున కొలత ఆగలేదు.

ఎస్డెర్స్ కారు కథలో ఒక విచిత్రమైన ఘట్టము మిగిలియున్నది. ముల్హౌస్ నగరమున హాన్స్, ఫ్రిట్జ్ ష్లుంఫ్ అను సోదరులకు ఉన్నినూలు మిల్లులుండెను. వారు బుగాట్టి కారులను లోకమున కెరుక పరుపక వందకు పైగా ప్రోగుచేసిరి. మిల్లులు దెబ్బతినుటతో 1977లో కార్మికులు ఆ రహస్య భాండారమును ఆక్రమించుకొనిరి. 1982లో అది జాతీయ మ్యూజియముగా ప్రజలకు తెరువబడెను. అచ్చట దొరకిన అసలు విడిభాగములను ఆధారము చేసికొని, పోయిన దేహమును పాత ఫోటోలనుండి తిరిగి కొలిచి, ఎస్డెర్స్ కారును పూర్తి పరిమాణమున మరల నిర్మించిరి. దానిని ఒక విధముగా 1/1 స్కేలు నమూనా యనవచ్చును. చిన్న నమూనా చేయువాడు ఎదుర్కొనిన ప్రశ్నలనే ఆ నిపుణులును ఎదుర్కొనవలసి వచ్చెను. వారికి రేకు మందము సమస్య కాలేదు. ఫోటోలో పడనిది మాత్రము వారికిని పడనిదే. ముల్హౌస్‌లోని ఆ కారునకు గూడ ముందు దీపములు లేవు. చూడవచ్చిన పిల్లలు దీపములు ఎవరు దొంగిలించిరని అడుగుదురేమో!

బల్లమీది చిన్న కారు పూర్తియైన వెంటనే నిర్మాత దానిని గాజుపెట్టెలో నుంచును. దాచుకొనవలెనను తహతహ దీనికి కారణము కాదు. ధూళికి స్కేలు లేదు. గదిలో ఎగిరెడి ఇసుకరేణువు వచ్చి రెక్కమీద వ్రాలినచో, ఆ కారు లెక్కన అది గులకరాయి. బట్టతో తుడిచినచో తలుపు పిడి ఊడును, చీపురుపుల్ల తగిలినచో ఏనుగు తొండము విరుగును. మెత్తని కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఏడాదికొక పర్యాయము దులిపిన చాలును. తక్కిన దినములలో గాజునకు ఈవలినుండియే చూడవలెను.